ఉత్తర్వు ఎవరిది, నేరం ఎవరిది? అర్జెంటీనా నౌకాదళ అధికారి ఆస్తీస్ జీవితం మీద ఒక విశ్లేషణ

2024 జూలైలో అర్జెంటీనా అధికార పక్షానికి చెందిన ఆరుగురు ఎంపీలు బ్యూనస్ ఎయిర్స్ శివారులోని ఎసెయిసా జైలుకు వెళ్లారు. పాత సైనిక ప్రభుత్వ కాలంలో చేసిన నేరాలకు శిక్ష అనుభవిస్తున్న మాజీ అధికారులను పలకరించారు, వాళ్లతో ఫొటో కూడా దిగారు. సంగతి బయటపడేసరికి పెద్ద రగడ అయింది. తాను పుట్టిందే 1993లో అని, ఆ ఖైదీలెవరో తనకు తెలియదని ఒక ఎంపీ సర్దిచెప్పుకొన్నారు. ఆ మాట నమ్మినవాళ్లు తక్కువే. ఎందుకంటే ఆ ఖైదీల్లో ఒకడు అల్ఫ్రెడో ఆస్తీస్. ఆ దేశంలో ఈ పేరు తెలియనివాళ్లు అరుదు.

క్లుప్తంగా చెప్పాలంటే: 1976 నుంచి 1983 దాకా అర్జెంటీనాను ఏలిన సైనిక ప్రభుత్వంలో ఆస్తీస్ పెద్ద నాయకుడేమీ కాదు, నౌకాదళంలో ఒక లెఫ్టినెంట్. ఒకసారి యుద్ధ ఖైదీ అని బ్రిటన్ వదిలేసింది. ఇంకోసారి పైవాళ్లు చెప్పింది చేశాడని సొంత దేశం వదిలేసింది. ఫ్రాన్స్ అతను లేకుండానే శిక్ష వేసింది. చివరికి స్వదేశంలోనే రెండుసార్లు జీవిత ఖైదు పడింది. ఇన్నేళ్లలో అతను చేసిన పనులు మారలేదు, వాటిని తూచే చట్టాలు మారాయి. అవి ఎలా మారాయన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

కింద ఆఫీసర్లు, అటక మీద బందీలు

1976 మార్చి 24న అర్జెంటీనాలో సైన్యం అధికారం లాక్కుంది. ఆర్మీ నుంచి హోర్హే విదేలా, నౌకాదళం నుంచి ఎమిలియో మస్సేరా, వైమానిక దళం నుంచి ఒర్లాండో అగోస్తి, ఈ ముగ్గురితో పాలక మండలి ఏర్పడింది. సాయుధ వామపక్ష దళాలను అణచడం అన్నది పైకి చెప్పిన కారణం. వల మాత్రం చాలా పెద్దది. యూనియన్ కార్యకర్తలు, విద్యార్థులు, జర్నలిస్టులు, పేదల బస్తీల్లో పనిచేసే క్రైస్తవ సన్యాసినులు కూడా అందులో పడ్డారు.

మామూలు నియంతృత్వాలు జనాన్ని జైల్లో పెడతాయి, కోర్టులో దోషులుగా నిలబెడతాయి, ఉరి తీస్తాయి. అర్జెంటీనా సైన్యం వేరే దారి పట్టింది. మఫ్టీలో వచ్చి, నంబరు ప్లేటు లేని ఫోర్డ్ ఫాల్కన్ కార్లలో ఎత్తుకుపోయేవాళ్లు. ఆ తర్వాత ఏ రికార్డులోనూ ఆ మనిషి ఉండడు. బంధువులు హెబియస్ కార్పస్ వేస్తే, అలాంటి వ్యక్తి మా దగ్గర లేడని జవాబు వచ్చేది. శవం లేదు కాబట్టి హత్య లేదు, అరెస్టు లేదు కాబట్టి బాధ్యుడు లేడు. చిలీలో జనాన్ని స్టేడియంలో బంధించినందుకు పినోచెట్ సైనిక ప్రభుత్వం ప్రపంచమంతటా అభాసుపాలైంది. అది అర్జెంటీనా జనరళ్ల కళ్లముందు జరిగిందే.

ఈ యంత్రాంగంలో నౌకాదళానికి దక్కిన భాగం ఎస్మా. మన పేపర్లలో ఎస్మా అంటే సమ్మెలప్పుడు ప్రయోగించే అత్యవసర సర్వీసుల చట్టం. బ్యూనస్ ఎయిర్స్‌లో ఎస్మా అంటే నౌకాదళ మెకానిక్ స్కూలు. చెట్లున్న పెద్ద ఆవరణ, ఎదురుగా నగరంలోకెల్లా రద్దీ రోడ్లలో ఒకటి. అందులోని ఆఫీసర్ల క్వార్టర్స్ భవనమే రహస్య జైలు. మధ్య అంతస్తుల్లో అధికారులు నిద్రపోయేవాళ్లు. బేస్‌మెంట్‌లో చిత్రహింసల గదులుండేవి. పైన అటకలో, తలకు ముసుగులు తొడిగి, సంకెళ్లు వేసి బందీలను పడుకోబెట్టేవాళ్లు. ఆ అటకను 'కపూచా', అంటే ముసుగు అనే పిలిచేవారు. గర్భిణులకు వేరే గది ఉండేది. కాన్పు అయ్యాక బిడ్డను వేరేవాళ్లకిచ్చి, తల్లిని మాయం చేసేవారు. సుమారు 5,000 మందిని ఇక్కడికి తెచ్చారని, బతికి బయటపడింది 200 మంది దాకా అని అంచనా. 1978 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్ జరిగిన స్టేడియం ఇక్కడికి బాగా దగ్గర.

తమ్ముడు కనబడటం లేదంటూ వచ్చిన కుర్రాడు

ఆస్తీస్ 1951లో మార్ దెల్ ప్లాతా నగరంలో పుట్టాడు. సైనిక కుట్ర నాటికి పాతికేళ్లు కూడా లేవు. నీలి కళ్లు, రాగి జుట్టు, చిన్నపిల్లాడి ముఖం. ఎస్మాలో పనిచేసే 3.3.2 అనే టాస్క్‌ఫోర్స్‌లో చేరాడు. మనుషులను ఎత్తుకురావడం దాని పని. 1977 జనవరిలో 17 ఏళ్ల స్వీడిష్-అర్జెంటీనా అమ్మాయి దాగ్మార్ హగెలిన్‌ను వేరొకరనుకుని వెంటాడి, పరిగెడుతుండగా తలపై కాల్చారు. గాయపడిన పిల్లను టాక్సీ డిక్కీలో వేసుకుని పోయారు. కాల్చింది ఆస్తీసేనని సాక్షులు చెప్పారు. ఆ అమ్మాయి మళ్లీ కనబడలేదు.

అతనికి అసలు పేరు తెచ్చింది మాత్రం తుపాకీ కాదు. తెలుగువాళ్లకు బాగా తెలిసిన మాట ఒకటుంది: కోవర్టు. ఆస్తీస్ చేసింది ఆ పనే.

1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు, మా పిల్లలు ఏరీ అని అడగడానికి అధ్యక్ష భవనం ముందున్న మే ప్లాజాకు వెళ్లారు. దేశంలో అత్యవసర స్థితి ఉంది, గుంపుగా నిలబడకూడదు. నడవండి, నడవండి అని పోలీసులు అదిలించారు. సరే అని వాళ్లు నడిచారు, మధ్యలో ఉన్న స్తంభం చుట్టూ. గురువారాలు అలా తిరగడం ఉద్యమమైంది. ఒకరినొకరు గుర్తుపట్టడానికి పసిబిడ్డల గుడ్డ లంగోటీలను తలకు కట్టుకున్నారు. తర్వాత అవే తెల్ల రుమాళ్లయ్యాయి. వీళ్లను కూడగట్టినామె అసుసేనా విల్యాఫ్లోర్.

ఆ గుంపులోకి గుస్తావో నీన్యో అనే కుర్రాడొచ్చాడు. తన సోదరుడు కూడా మాయమయ్యాడన్నాడు. ఎస్మాలో బందీగా ఉన్న ఒక యువతిని బెదిరించి, చెల్లెలని చెప్పి వెంట తెచ్చేవాడు. ప్లాజాలో తల్లులను పోలీసులు తోసేస్తే అడ్డుపడేవాడు. ఇంత చిన్నవాడు, వీణ్ని కూడా పట్టుకుపోతారేమో అని తల్లులే అతని గురించి భయపడ్డారు. కోవర్టు పని ఎప్పుడూ నమ్మకం మీదే నడుస్తుంది. ఇక్కడ పెట్టుబడి తల్లి మనసు.

అప్పుడు తల్లులు మానవ హక్కుల దినమైన డిసెంబర్ 10న పత్రికలో ఒక ప్రకటన వేయించాలనుకున్నారు. మాయమైనవారి పేర్లన్నీ అందులో అచ్చవ్వాలి. డబ్బులు చిల్లర నోట్లతో పోగవుతున్నాయి. డిసెంబర్ 8 సాయంత్రం సాంతా క్రూస్ చర్చిలో చందాలు లెక్కపెట్టుకుని బయటికొస్తున్నవాళ్లను కార్లలో వచ్చినవాళ్లు ఎత్తుకుపోయారు. ఎవరిని పట్టుకోవాలో ముద్దుపెట్టి, కౌగిలించుకుని చూపించింది నీన్యోనే. డిసెంబర్ 10న ప్రకటన వచ్చింది. ఆ పేపరు కొనుక్కోవడానికి ఇంట్లోంచి బయటికొచ్చిన అసుసేనాను కూడా పట్టుకుపోయారు. మూడు రోజుల్లో మొత్తం 12 మంది. వారిలో ఇద్దరు ఫ్రెంచ్ సన్యాసినులు, అలీస్ దోమోన్, లేయోనీ దుకే.

ఆ పన్నెండు మందిలో ఎస్తేర్ బాయెస్త్రినో కథ వేరు. గర్భంతో ఉన్న ఆమె కూతురు విడుదలై వచ్చేసింది. ఇక నువ్వు రానక్కర్లేదని మిగతా తల్లులన్నా ఆమె ప్లాజాకు రావడం మానలేదు. ఒకప్పుడు ల్యాబ్‌లో ఆమె చేతికింద పనిచేసిన కుర్రాడు హోర్హే బెర్గోలియో తర్వాత పోప్ ఫ్రాన్సిస్ అయ్యాడు.

ఫ్రాన్స్ అడుగుతుందని సైన్యానికి తెలుసు. అందుకే సన్యాసినులను ఎస్మా బేస్‌మెంట్‌లో మోంతోనేరోస్ గెరిల్లాల బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటో తీసి, ఎత్తుకుపోయింది గెరిల్లాలే అన్నట్టు బయటికి వదిలారు.

పట్టుబడ్డా చేజారాడు

1982లో అర్జెంటీనా, బ్రిటన్ ఆధీనంలోని ఫాక్‌లాండ్ దీవులను ఆక్రమించింది. దక్షిణ జార్జియా దీవిలో ఒక చిన్న దళానికి ఆస్తీస్ నాయకుడు. ఏప్రిల్ చివర్లో బ్రిటిష్ నౌక ప్లిమత్ మీద కూర్చుని లొంగుబాటు పత్రంపై సంతకం పెట్టాడు. ఆ ఫొటో ప్రపంచమంతా వచ్చింది. పారిస్‌లో, స్టాక్‌హోమ్‌లో జనం దాన్ని చూశారు. మాకు అతన్ని ప్రశ్నించాల్సిన పని ఉందని ఫ్రాన్స్, స్వీడన్ బ్రిటన్‌ను కోరాయి.

బ్రిటన్ అతన్ని ఇంగ్లండ్‌కు తెచ్చింది, ససెక్స్ పోలీసులు ఆ రెండు దేశాల ప్రశ్నలు అడిగారు. ఆస్తీస్ నోరు విప్పలేదు. విప్పాల్సిన అవసరమూ లేదు. జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధ ఖైదీ పేరు, ర్యాంకు, నంబరు, పుట్టిన తేదీ చెబితే చాలు. ఇక బ్రిటన్ తానే విచారణ జరపాలంటే, అర్జెంటీనాలో విదేశీయులపై జరిగిన నేరాన్ని లండన్ కోర్టు విచారించడానికి అప్పట్లో చట్టం లేదు. జూన్‌లో ఇంటికి పంపేశారు. సైనికులను కాపాడటానికి పుట్టిన నియమం, తల్లులను పట్టించిన మనిషికి గొడుగైంది. నియమం తప్పని కాదు. యుద్ధ ఖైదీల హక్కులకు మినహాయింపులు మొదలైతే అవి ఎక్కడా ఆగవని బ్రిటన్‌కు తెలుసు, తన సైనికులూ అటు పక్క చేతుల్లో ఉండొచ్చు.

అదే బ్రిటన్ 16 ఏళ్ల తర్వాత, 1998 అక్టోబర్‌లో, చికిత్సకు లండన్ వచ్చిన పినోచెట్‌ను స్పెయిన్ కోరికపై అరెస్టు చేసింది. తేడా మనసులో వచ్చిన మార్పు కాదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం 1984లో వచ్చింది. బ్రిటన్ 1988లో దాన్ని తన చట్టంలో కలుపుకుంది. దాంతో ఎక్కడ ఎవరు హింసించినా బ్రిటిష్ కోర్టు పరిధిలోకి వచ్చింది. ఆస్తీస్ ఆ చట్టానికి ఆరేళ్ల ముందు చిక్కాడు.

'పైవాళ్లు చెప్పారు' అన్న మాట చట్టమైంది

ఫాక్‌లాండ్ ఓటమితో సైనిక ప్రభుత్వం కూలింది. 1983 డిసెంబర్ 10న రౌల్ అల్ఫోన్సిన్ అధ్యక్షుడయ్యారు. ఆయన వేసిన కమిషన్ 8,961 మంది మాయమైనట్టు పేరుపేరునా నమోదు చేసింది. మానవ హక్కుల సంఘాలు చెప్పే లెక్క 30,000. 1985లో పాలక మండలి జనరళ్లను సైనికేతర కోర్టు విచారించి విదేలా, మస్సేరాలకు జీవిత ఖైదు వేసింది. ఓడిపోయిన దేశపు నాయకులను గెలిచినవాళ్లు విచారించిన నూరెంబర్గ్ వంటిది కాదిది, ఒక దేశం తన జనరళ్లను తన మామూలు కోర్టులో నిలబెట్టడం. అప్పటికి లాటిన్ అమెరికాలో అలాంటిది జరగలేదు.

చిక్కు కింది ర్యాంకుల దగ్గర వచ్చింది. వందల మంది లెఫ్టినెంట్లకు, కెప్టెన్లకు సమన్లు వెళ్లడం మొదలయ్యాక సైన్యంలో అలజడి పుట్టింది. ఫిర్యాదులకు 60 రోజుల గడువు పెడుతూ 1986 డిసెంబర్‌లో 'ఫుల్‌స్టాప్' చట్టం వచ్చింది. గడువు లోపలే కోర్టులు సెలవులు మానుకుని మరీ కేసులు నమోదు చేశాయి. దాంతో 1987 ఈస్టర్ వారంలో ముఖాలకు నల్లరంగు పూసుకున్న సైనికులు తిరగబడ్డారు. రెండు నెలలు తిరక్కముందే 'విధేయత' చట్టం వచ్చింది. కింది ర్యాంకు అధికారులు పై ఉత్తర్వులకు లోబడే పనిచేశారని, కాదనే వీలు వాళ్లకు లేదని ఆ చట్టమే తేల్చేసింది. అది నిజమో కాదో విచారించే అవకాశం కూడా జడ్జికి లేదు.

ఈ వాదన ఆస్తీస్‌కు ఎంతవరకు అతుకుతుంది? కాల్చమంటే కాల్చిన సిపాయి వేరు. వారాల తరబడి ఒక తల్లి చేతి కాఫీ తాగి, ఆమె బాధ విని, చివరికి కౌగిలించుకుని పట్టించినవాడు వేరు. ఆ పనికి ఉత్తర్వు ఒక్కటే చాలదు, సొంత తెలివి, చొరవ కావాలి. కానీ చట్టం చూసింది ర్యాంకును, పనిని కాదు. ఆస్తీస్ బయటపడ్డాడు, ప్రమోషన్ కూడా వచ్చింది. 1989, 1990ల్లో తర్వాతి అధ్యక్షుడు కార్లోస్ మేనెమ్ పైవాళ్లకూ క్షమాభిక్ష పెట్టడంతో, ఆజ్ఞ ఇచ్చినవాడూ పాటించినవాడూ ఇద్దరూ ఇంటికెళ్లారు.

1990 మార్చిలో పారిస్ కోర్టు, ఆస్తీస్ లేకుండానే, సన్యాసినుల కేసులో అతనికి జీవిత ఖైదు వేసింది. ఫలితం ఏమిటంటే అతను దేశం దాటలేకపోయాడు. దేశంలో మాత్రం బీచ్‌లు, డిస్కోలు, స్కీయింగ్. 1995లో బరిలోచె పట్టణంలో అతన్ని గుర్తుపట్టిన ఒక మాజీ బందీ రోడ్డు మీదే మొహం పగలగొట్టాడు. మాయమైనవారి పిల్లలు పెద్దవాళ్లై ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. మాజీ అధికారుల ఇళ్ల ముందు డప్పులు కొట్టి, గోడలకు రంగు పూసి, ఇక్కడ హంతకుడున్నాడని వీధికంతా చెప్పేవారు.

1998 జనవరిలో ఆస్తీస్ తన మెడకు తానే తాడు బిగించుకున్నాడు. ఒక పత్రికతో మాట్లాడుతూ, రాజకీయ నాయకుణ్నో జర్నలిస్టునో చంపడానికి ఈ దేశంలో తనంత శిక్షణ పొందినవాడు లేడన్నాడు. పశ్చాత్తాపం లేదన్నాడు. నౌకాదళం బర్తరఫ్ చేసింది. చేసిన పనులకు పోని ర్యాంకు, వాటి గురించి మాట్లాడినందుకు పోయింది.

గోడకు చిల్లు ఎక్కడ పడింది

విధేయత చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. పసిపిల్లల అపహరణ అందులో ఒకటి. ఏ సైనిక ఉత్తర్వూ బిడ్డను ఎత్తుకెళ్లమని చెప్పలేదు కదా అన్నది తర్కం. మాయమైనవారి తల్లులు పెట్టుకున్న బామ్మల సంఘం ఈ సందులోంచే దూరింది. మనవళ్లను వెతుక్కుంటూ, రక్తపరీక్షలతో, జన్యు పరీక్షలతో ఒక్కొక్కరినీ కనిపెట్టింది. క్షమాభిక్ష పొందిన విదేలా 1998లో మళ్లీ అరెస్టయింది పిల్లల అపహరణ కేసులోనే.

2001లో గాబ్రియేల్ కవాయో అనే జడ్జి ముందుకు అలాంటి కేసే వచ్చింది. పాపను ఎత్తుకుపోయినందుకు పోలీసు అధికారిని విచారించవచ్చు, అదే పాప తల్లిదండ్రులను మాయం చేసినందుకు మాత్రం విచారించకూడదు. ఇదేం లెక్క? రెండు చట్టాలూ రాజ్యాంగానికి విరుద్ధమని ఆయన తీర్పిచ్చారు. 1994లో సవరించిన రాజ్యాంగం అంతర్జాతీయ మానవ హక్కుల ఒప్పందాలకు రాజ్యాంగ స్థాయి ఇచ్చి ఉండటం దీనికి బలమైంది. 2003లో పార్లమెంటు ఆ చట్టాలను రద్దు చేసింది, 2005 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ దారినే ఖాయం చేసింది. మానవాళిపై నేరాలకు కాలదోషం లేదన్న సూత్రం అలా అమల్లోకి వచ్చింది.

సాక్ష్యం సంగతి ఇంకో కథ. ఎస్మా అధికారి అదోల్ఫో సిలింగో 1995లో నోరు విప్పాడు. మిమ్మల్ని వేరేచోటికి పంపుతున్నాం, టీకా వేస్తున్నాం అని మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, విమానంలో తీసుకెళ్లి, బట్టలు విప్పి, బతికుండగానే సముద్రంలోకి తోసేవారమని చెప్పాడు. అతనికి 2005లో స్పెయిన్ కోర్టు 640 ఏళ్ల శిక్ష వేసింది. ఇంతమంది అధికారుల్లో మాట్లాడిన ఒక్కడికి ముందు శిక్ష పడిందని చూసి మిగతావాళ్లు ఏ పాఠం నేర్చుకుని ఉంటారో ఊహించవచ్చు.

సముద్రం కూడా సాక్ష్యం చెప్పింది. 1977 డిసెంబర్ చివర్లో సాంతా తెరెసితా తీరానికి కొన్ని శవాలు కొట్టుకొచ్చాయి. స్థానిక డాక్టర్లు చూసి, ఎత్తునుంచి పడటం వల్ల చనిపోయారని మామూలుగా రిపోర్టు రాశారు. హెనెరల్ లవాయె శ్మశానంలో 'గుర్తు తెలియనివారు' అని పాతిపెట్టారు. 2005లో ఫోరెన్సిక్ నిపుణులు వాటిని తవ్వి తీస్తే అసుసేనా, ఎస్తేర్, లేయోనీ దుకే సహా ఐదుగురు సాంతా క్రూస్ బాధితులు దొరికారు. శవమే లేకుండా చేయాలని కట్టిన వ్యవస్థను ఒక చిన్న ఊరి డాక్టరు రాసిన కాగితం, శ్మశానం రిజిస్టరు పట్టించాయి. అసుసేనా చితాభస్మాన్ని మే ప్లాజాలో, తల్లులు తిరిగిన ఆ స్తంభం దగ్గరే ఉంచారు.

2011 అక్టోబర్ 26న ఆస్తీస్‌కు జీవిత ఖైదు పడింది. తీర్పు వింటూ కోటుకు జాతీయ రంగుల బ్యాడ్జీ పెట్టుకున్నాడు. 2017 నవంబర్‌లో, 50 మందికి పైగా నిందితులున్న పెద్ద కేసులో రెండో జీవిత ఖైదు. క్షమాపణ ఎప్పటికీ చెప్పనన్నాడు.

పక్క దేశాల లెక్క వేరు

ఇలాంటి అధికారులు పక్క దేశాల్లోనూ ఉన్నారు, గతులు మాత్రం వేరు. చిలీ రహస్య పోలీసు అధిపతి మాన్యువల్ కొంత్రేరాస్ 2015లో చనిపోయేనాటికి అతనిపై పడ్డ శిక్షలు కలిపితే 500 ఏళ్లు దాటాయి. అక్కడ 1978 నాటి క్షమాభిక్ష చట్టాన్ని రద్దు చేయలేదు. జడ్జీలు పక్కనుంచి వెళ్లారు: శవం దొరకలేదంటే కిడ్నాప్ ఇంకా కొనసాగుతున్నట్టే, కొనసాగుతున్న నేరానికి పాత క్షమాభిక్ష వర్తించదు. శవాన్ని దాచడమే దాచినవాడికి ఎదురు తిరిగిందన్నమాట.

బ్రెజిల్‌లో అదీ జరగలేదు. 1979 క్షమాభిక్ష చట్టం చెల్లుతుందని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. సావో పాలోలో చిత్రహింసల కేంద్రాన్ని నడిపిన కర్నల్ ఉస్త్రాను 2008లో సివిల్ కోర్టు హింసకు బాధ్యుడని ప్రకటించింది. 2015లో చనిపోయేదాకా జైలు ముఖం చూడలేదు. మరుసటి ఏడాది ఎంపీ జైర్ బొల్సొనారో పార్లమెంటులో అధ్యక్షురాలి అభిశంసనపై వేసిన తన ఓటును అతని జ్ఞాపకానికి అంకితం చేశాడు. తర్వాత దేశాధ్యక్షుడూ అయ్యాడు. సైన్యం ఎలా దిగిపోయిందన్నది ఇక్కడ కీలకం. అర్జెంటీనా సైన్యం యుద్ధంలో ఓడి, పరువు పోగొట్టుకుని దిగింది. చిలీ, బ్రెజిల్ సైన్యాలు షరతులు మాట్లాడుకుని, తమ టైం ప్రకారం దిగాయి.

ఇక ముందు

2026 మార్చి 24 నాటికి అర్జెంటీనా సైనిక కుట్రకు 50 ఏళ్లు. ఇప్పటికి వెయ్యి మందికి పైగా దోషులుగా తేలారు, వాళ్లలో చాలామంది ముసలివాళ్లు. డెబ్బై దాటిన ఖైదీ గృహనిర్బంధం అడగవచ్చని అక్కడి చట్టం చెబుతుంది, ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. అందుకే ఎసెయిసా పర్యటన అంత టెన్షన్ పుట్టించింది. తీర్పులను తిరగదోడటం ఇప్పుడు కష్టం. శిక్ష ఎక్కడ అనుభవించాలన్నది మార్చడం తేలిక, పాత కేసులు నడిపే ఆఫీసులకు, ఆర్కైవులకు డబ్బు తగ్గించడం ఇంకా తేలిక. ఎస్మా భవనం 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కాబట్టి దాన్ని చెరిపేయడం మాత్రం అంత సులువు కాదు.

టాస్క్‌ఫోర్స్ అధికారుల మౌనం ఇంకా అలాగే ఉంది. ఎత్తుకుపోయిన ఇద్దరు ఫ్రెంచ్ సన్యాసినుల్లో లేయోనీ దుకే సమాధి ఇప్పుడు సాంతా క్రూస్ చర్చిలోనే ఉంది. అలీస్ దోమోన్ అవశేషాలు ఇప్పటికీ దొరకలేదు.